ఒక ఉర్దూ ఆచార్యుని ఊహాలోకం – మన కర్తవ్యం

కథ చెప్పేవాడొకడు, ఊఁ కొట్టేవారు పదిమంది – ఇది మన పెద్దల కాలం నుండి వస్తున్న పద్ధతి. ఊఁ కొట్టేవారే కథలోకి ప్రవేశించి, "ఆ ద్వారం తెరవను, గోడ దూకుతాను" అని కథాగమనాన్ని మార్చగలిగితే, అదే పాత్రధారణ క్రీడ. దీనినే ఇంగ్లీషువారు రోల్ ప్లేయింగ్ గేమ్ అంటారు. నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు నిర్వాహకులై లోకాన్ని వర్ణిస్తారు. తక్కినవారు ఒక్కొక్క పాత్రను ధరించి నిర్ణయాలు తీసుకుంటారు. ఫలితం సందిగ్ధమైన చోట పాచికలు తీర్పు చెబుతాయి. 1974లో అమెరికాలో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనేవారు వెలువరించిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ఈ తరహా ఆటలకు ఆద్యమైనది.

ఇట్టి ఆటకు ఒక లోకం కావాలి. ఆనాటి నుండి అత్యధిక ప్రచారం పొందిన లోకాలలో పెక్కు మధ్యయుగపు ఐరోపా ఛాయలో నిర్మితమైనవే. కోటలు, గుర్రాలెక్కిన వీరులు, నిప్పులు కక్కే డ్రాగన్లు – వీటికి వెలుపల మరొక ఊహ సాధ్యమే కాదన్నట్లు అవి సాగుతాయి. అంతగా ప్రసిద్ధికి రాని ఒక లోకాన్ని మా విద్యార్థి మిత్రుల దృష్టికి తేవడం అవసరమని మేము భావిస్తున్నాము. అందుకు కారణం దాని గొప్పతనం ఒక్కటే కాదు.

ఆ లోకం పేరు టేకుమెల్. 1975లో టి.ఎస్.ఆర్. సంస్థ 'ఎంపైర్ ఆఫ్ ది పెటల్ థ్రోన్' అనే ఆటగా దీనిని ప్రచురించింది. సుదూర భవిష్యత్తులో మానవులు వలసవెళ్ళిన గ్రహమది. ఒకనాడు హఠాత్తుగా ఆకాశంలోని నక్షత్రాలన్నీ అదృశ్యమై, ఆ గ్రహం తక్కిన విశ్వం నుండి తెగిపోతుంది. వేల సంవత్సరాలు గడిచిన తరువాత పూర్వీకుల యంత్రాలు మంత్రాలుగా మిగులుతాయి. అక్కడ ఇనుము బహు అరుదు. చ్లెన్ అనే మహాజంతువు చర్మాన్ని గట్టిపరచి కత్తులు, కవచాలు చేసుకుంటారు. స్వారికి గుర్రాలు లేవు. మనిషికి వంశమే ఆధారం, మర్యాదే ప్రాణం. ఆ ఆచారవ్యవహారాలలో భారతదేశం, మధ్య అమెరికాలోని మాయా నాగరికత, పశ్చిమాసియా కలగలిసి కనిపిస్తాయి. అక్కడి త్సోల్యాను సామ్రాజ్యపు భాషకు సొంత లిపి ఉంది, వ్యాకరణం ఉంది.

ఈ లోకాన్ని సృష్టించినవాడు ఆచార్య ముహమ్మద్ అబ్దుర్రహ్మాన్ బార్కర్. 1929లో అమెరికాలో జన్మించి, 1951లో ఫుల్‌బ్రైట్ విద్యార్థిగా భారతదేశానికి వచ్చి, ఇక్కడ ఇస్లాం స్వీకరించాడు. మొదట అమెరికా ఆదివాసుల క్లామత్ భాషకు వ్యాకరణం, నిఘంటువు రచించాడు. తరువాత కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలోను, అటుపై మినసోటా విశ్వవిద్యాలయంలోను ఆచార్యత్వం వహించాడు. 1967లో వెలువడిన ఆయన ఉర్దూ పాఠ్యగ్రంథం పాశ్చాత్య విద్యార్థులకు చిరకాలం ఉపకరించింది. ఉర్దూ నేర్పిన చేతితోనే ఒక కొత్త లోకానికి భాషను నిర్మించాడంటే మావంటి కళాశాలవారికి గర్వం కలగడం సహజం.

కాని కథ అంతటితో ముగియలేదు. బార్కర్ 2012లో మరణించాడు. పదేళ్ళ తరువాత, 2022లో, ఆయన రచనలను నిర్వహించే టేకుమెల్ ఫౌండేషన్ ఒక ప్రకటన చేసింది. 1991లో మారుపేరుతో వెలువడిన 'సర్పెంట్స్ వాక్' అనే నాజీ భావాల నవల ఆయన రాసినదేనని అందులో ధ్రువపరచింది. యూదుల సామూహిక హత్యాకాండ జరగనే లేదని వాదించే ఒక పత్రిక సలహామండలిలో కూడా ఆయన పేరు ఉండేది.

దీనిపై రెండు వాదాలు వినిపిస్తున్నాయి. రచయిత వేరు, రచన వేరు, ఆటను ఆటగా చూడాలని ఒకటి. అట్టివాని పుస్తకం ముట్టరాదని మరొకటి. మేము ఈ రెండింటితోనూ ఏకీభవించలేము. మొదటి వాదం సత్యాన్ని చాప కింద తోస్తుంది. టేకుమెల్‌లో బానిసత్వం, నరబలి నిత్యవ్యవహారాలు. ఆ లోకంలో విహరించేవారు దానిని కట్టినవాడెవడో తెలుసుకుని, ఆ పుటల దగ్గర ఆగి ఆలోచించవలసి ఉంటుంది. రెండవ వాదం ఐరోపా మూసను కాదని వేరొక దారి సాధ్యమని నిరూపించిన తొలి ప్రయత్నాలలో ఒకదానిని మన కంటికి కనబడకుండా చేస్తుంది. కనుక చదవాలి, రచయిత చరిత్రను ముందుమాటలో చెప్పి మరీ చదవాలి.

ఒక జాతి భాషను నేర్వడం మనుషులందరినీ సమానంగా చూడడానికి హామీ కాదు. ఇది భాషా విద్యార్థులమైన మనకు ఎంతైనా అవసరమైన పాఠం. కాగా మరొక ప్రశ్న మిగిలే ఉంది. మన కథల లోకాలను పరులే ఎందుకు నిర్మించాలి? అరేబియన్ నైట్స్ ఛాయలో 1992లో వచ్చిన 'అల్-ఖాదిమ్' కూడా అమెరికా రచయితల చేతి పనే. 2022లో వచ్చిన 'జర్నీస్ త్రూ ది రేడియంట్ సిటడెల్'లో మాత్రం పదమూడు సాహసగాథలను శ్వేతేతర రచయితలే రాశారు. అజిత్ జార్జ్ ఆ గ్రంథానికి సారథులలో ఒకరు. ద్వారం తెరుచుకుంది, లోపలికి నడిచేవారు కావాలి.

మనకు సామగ్రి కొదువ లేదు. లక్నోలో నవల్ కిశోర్ ముద్రణాలయం 1883 నుండి ప్రచురించిన 'తిలిస్మ్-ఎ-హోష్‌రుబా' ఒక్కటి చాలు. అఫ్రాసియాబ్ ఏలే మాయారాజ్యం, దాని కట్టుబాట్లు, సంచిలో సమస్తం దాచుకునే అమర్ అయ్యార్ – ఇవన్నీ ఆటకు సిద్ధంగా ఉన్నాయి. తెలుగులో మధిర సుబ్బన్న దీక్షితుల 'కాశీ మజిలీ కథలు' ఉన్నాయి. అందులో కాశీకి పోతూ ప్రతి మజిలీలోనూ గోపబాలుడు ఒక వింతను గూర్చి అడుగుతాడు, మణిసిద్ధుడు కథ చెబుతాడు. వినేవాని ప్రశ్నతో కదిలే ఆ కథనం పాత్రధారణ క్రీడకు బహు దగ్గర. 1951లో వచ్చిన 'పాతాళభైరవి' చిత్రానికి మూలం ఆ కథలలోనిదే.

మన కళాశాలలో ఉర్దూ విభాగం విద్యార్థికి మణిసిద్ధుడు తెలియడు, తెలుగు విభాగం విద్యార్థికి అమర్ అయ్యార్ తెలియడు. ఒకే కప్పు కింద మూడేళ్ళు గడిపి, ఒకరి కథలు ఒకరు ఎరుగకనే పట్టాలు పుచ్చుకుని వెళ్ళిపోతున్నాము. వారానికొక గంట గ్రంథాలయంలో ఒక బల్లను కేటాయిస్తే, రెండు విభాగాలవారు కలిసి తమ లోకాన్ని తామే నిర్మించుకోగలరు. ఖర్చు కొన్ని నోటు పుస్తకాలు, పెన్సిళ్ళు మాత్రమే. పాచికలంటే జూదమని పెద్దలు శంకించవచ్చు. ఇందులో పందెం లేదు, పైకం లేదు, ఓడినవాడు పోగొట్టుకునేది లేదు. అప్పటికీ అభ్యంతరముంటే 1 నుండి 20 వరకు అంకెలు వేసిన చీటీలను డబ్బాలో కలిపి తీసినా పని జరుగుతుంది.

ఆ బల్ల మీద పుట్టే లోకంలో ఎవరు బానిసలో, ఎవరు రాజులో, ఎవరి దేవళానికి ఎవరు కాపలాయో నిర్ణయించేది మన విద్యార్థులే. ఆ నిర్ణయాలను ఎదురెదురుగా కూర్చుని వాదించుకుని చేయడంలోనే అసలైన విద్య ఉన్నదని మా విశ్వాసం. కళాశాల సంఘం పెద్దలు ఈ విన్నపాన్ని రాబోయే విద్యాసంవత్సరానికి ముందే పరిశీలించగలరని ఆశిస్తున్నాము.