ఇంజన్ మారిస్తే సరిపోదు, బండినంతా కొలవాలి

పాత జీపులకూ అంబాసిడర్లకూ ఒక సుగుణం ఉంది. ముప్పై ఏళ్లు గడిచినా బాడీ గట్టిగా నిలుస్తుంది. ముందుగా చేతులెత్తేసేది ఇంజనే. ఆయిల్ తాగుతుంది, పొగ కక్కుతుంది, ఎత్తు ఎక్కలేక మొరాయిస్తుంది. విడిభాగాలు దొరకవు. అప్పుడు మెకానిక్ షెడ్డులో యజమానికి వినిపించే సలహా ఒకటే: "ఇంజన్ మార్చేయండి సార్, బండి కొత్తదైపోతుంది." పని పూర్తయ్యాక బండి నిజంగానే పరుగెడుతుంది. చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. ఫిట్‌నెస్ కోసమో, రిజిస్ట్రేషన్ పొడిగింపు కోసమో వెళ్లినప్పుడు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ బానెట్ ఎత్తమంటాడు. ఆర్‌సీలో ఉన్న ఇంజన్ నెంబరు ఒకటి, బండిలో కనిపించేది మరొకటి.

ఈ విషయంలో చట్టం కఠినంగానే ఉంది. తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకూ రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ చెబుతోంది. సీఎన్‌జీ, ఎల్‌పీజీ, బ్యాటరీ వంటి వేరే ఇంధనాలకు మారేందుకు ఆమోదం పొందిన కిట్ బిగించుకోవడానికి మాత్రం దారి ఉంచింది. అనుమతి లేకుండా ఇంజన్ మార్చినట్లయితే 14 రోజుల్లోగా రిజిస్ట్రేషన్ అధికారికి తెలియజేయాలి. కేరళ నుంచి వచ్చిన కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా తయారీదారు నిర్దేశాలకు విరుద్ధమైన మార్పులు చెల్లవని స్పష్టం చేసింది. అదే ఏడాది చట్ట సవరణతో, అనుమతి లేని మార్పులకు ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించే వీలు వచ్చింది.

ఈ కఠినత్వానికి బలమైన శాస్త్రీయ కారణాలున్నాయి. అయితే మన వ్యవస్థ నెంబర్లు సరిపోలాయా అని చూస్తోంది తప్ప, బండి సురక్షితమా అని కొలవడం లేదు. దానివల్ల జాగ్రత్తగా పని చేయించుకున్నవాడూ, ఏదో ఒక ఇంజన్ ఇరికించి తిప్పుతున్నవాడూ ఒకే గాటన పడుతున్నారు.

ముందు బ్రేకుల సంగతి చూద్దాం. కదిలే బండి గతిశక్తి దాని వేగం వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. 1,200 కిలోల బండి గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే దానిలో దాదాపు 1.67 లక్షల జౌళ్ల శక్తి ఉంటుంది. అదే 90 కిలోమీటర్ల వేగంలో 3.75 లక్షల జౌళ్లు. వేగం ఒకటిన్నర రెట్లయితే శక్తి రెండుంబావు రెట్లయింది. బండిని ఆపాలంటే ఈ శక్తి దాదాపు మొత్తాన్నీ బ్రేకులు వేడిగా మార్చాలి. అరవైతో సరిపెట్టుకునే బండి కోసం చేసిన డ్రమ్ములు, కొత్త ఇంజన్ ఇచ్చిన హుషారుకు తట్టుకుంటాయన్న హామీ ఏమీ లేదు.

చాలామంది గమనించని మరో సంగతి ఉంది. బ్రేకు పెడల్‌ను తేలిక చేసే బూస్టర్ చాలా పెట్రోలు బండ్లలో ఇంజన్ గాలి పీల్చుకునే గొట్టంలోని పాక్షిక శూన్యంతో పనిచేస్తుంది. డీజిల్ ఇంజన్‌లో ఆ శూన్యం సాధారణంగా సరిపడా ఉండదు. అందుకే వాటికి విడిగా వాక్యూమ్ పంపు ఉంటుంది. పెట్రోలు ఇంజన్ తీసి డీజిల్ ఇంజన్ పెట్టినవారు ఆ పంపును మరిచిపోతే, బ్రేకు తొక్కినప్పుడు పెడల్ రాయిలా బిగుసుకుంటుంది. దానికి తోడు డీజిల్ ఇంజన్ బరువెక్కువ. ముందు ఇరుసు మీద భారం పెరిగి స్ప్రింగులు కుంగుతాయి, స్టీరింగ్ బరువెక్కుతుంది. టార్క్ పెరిగితే గేర్‌బాక్స్, ప్రొపెల్లర్ షాఫ్ట్, ఇంజన్ మౌంటింగులు అన్నీ ఆ అదనపు మెలిపెట్టే బలాన్ని మోయాలి.

అంబాసిడర్ చరిత్ర ఇక్కడ పనికొస్తుంది. దాదాపు అదే రూపంలో దశాబ్దాలపాటు తయారైన ఆ కారుకు 1,489 సీసీ పెట్రోలు ఇంజన్, డీజిల్ ఇంజన్, ఆ తర్వాత 1.8 లీటర్ల ఇసుజు ఇంజన్ కంపెనీయే అమర్చింది. అంటే పాత బాడీకి కొత్త ఇంజన్ పెట్టడం భౌతిక శాస్త్రం ఒప్పుకోని పనేమీ కాదు. ఫ్యాక్టరీలో మార్పుకు ముందు పరీక్షలు జరుగుతాయి. షెడ్డులో మార్పు జరిగిన తర్వాత కూడా జరగవు.

కాలుష్యం విషయంలో ఒక అపోహ బలంగా ఉంది. బీఎస్-6 కారు ఇంజన్ తెచ్చి పాత బండిలో పెడితే అది బీఎస్-6 బండి అయిపోతుందని అనుకుంటారు. ఆ ప్రమాణం ఇంజన్ ఒక్కదానిదే కాదు, సెన్సర్లు, కంప్యూటర్, ఎగ్జాస్ట్‌లోని శుద్ధి పరికరాలు కలిసిన మొత్తం వ్యవస్థది. పెట్రోలు కారులోని క్యాటలిటిక్ కన్వర్టర్ బాగా పనిచేయాలంటే ఒక వంతు పెట్రోలుకు దాదాపు 14.7 వంతుల గాలి ఉండాలి. ఆక్సిజన్ సెన్సర్ వైరు తెగ్గొట్టి ఇంజన్ మాత్రం తెచ్చుకుంటే ఆ లెక్క తప్పుతుంది. డీజిల్ కార్లకు నైట్రోజన్ ఆక్సైడ్ల పరిమితి బీఎస్-3లో కిలోమీటరుకు 500 మిల్లీగ్రాములు, బీఎస్-6లో 80. ఈ తేడాను మన పొల్యూషన్ సర్టిఫికెట్ పట్టుకోలేదు. ఆ తనిఖీలో డీజిల్ బండికి పొగ చిక్కదనమే చూస్తారు, నైట్రోజన్ ఆక్సైడ్లను కొలవరు.

మరి ఏం చేయాలి? ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, జర్మనీల్లో ఇలాంటి మార్పులకు ఒక్కో బండిని విడిగా పరిశీలించి అర్హత గల నిపుణులు ధ్రువీకరించే ఏర్పాటు ఉంది. న్యూజిలాండ్‌లో ఆ ధ్రువీకరణకు గుర్తుగా బండికే ఒక ప్లేటు బిగిస్తారు. మన దగ్గర కిట్లకు ఆమోదం ఉంది, ఒక్కో బండిని కొలిచి ఆమోదించే సులువైన దారి లేదు. పుణెలోని ఏఆర్ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ ప్రధానంగా తయారీదారుల కోసం ఉన్న పరీక్షా సంస్థలు. పాత జీపున్న రైతు అక్కడిదాకా వెళ్లలేడు.

ఫిట్‌నెస్ కోసం ఏర్పాటవుతున్న ఆటోమేటెడ్ టెస్టింగ్ స్టేషన్లను ఇందుకు వాడుకోవచ్చు. రోలర్ల మీద బ్రేకు బలం, ఇరుసుల భారం, ఎగ్జాస్ట్ వాయువులు కొలవాలి. కొత్త ఇంజన్ సామర్థ్యానికి బండి బరువును బట్టి పరిమితి పెట్టాలి. బండి, ఇంజన్‌లలో ఏది తర్వాతిదైతే దాని కాలుష్య ప్రమాణమే వర్తించాలి. ఇంజన్‌ను 2021 నిబంధనల కింద నమోదైన వాహన తుక్కు కేంద్రం నుంచి రశీదుతోనే కొనాలి.

దీనికి వచ్చే అభ్యంతరాలు తేలికైనవేమీ కావు. ఇంజన్ నెంబరు దొంగ బండ్లను పట్టించే ఆధారం. దాన్ని సడలిస్తే దొంగలకు మేలవుతుందన్న భయం సహజమే. తనిఖీలో చేతివాటం ఉంటే ధ్రువపత్రం చిత్తు కాగితమవుతుంది. అందుకే మనిషి మాట కన్నా యంత్రం ఇచ్చిన కొలతకు విలువ ఉండాలి, ప్రతి ఇంజన్ ఏ బండి నుంచి వచ్చిందో రికార్డు ఉండాలి. నేటి పద్ధతిలో మారిన ఇంజన్లు రోడ్డెక్కడం ఆగలేదు, ఎవరి కంటా పడకుండా తిరుగుతున్నాయంతే. కంటపడని బండికి బ్రేకు పరీక్ష ఎవరు చేస్తారు?

ఆ రోజు వచ్చేదాకా యజమానులు చేయగలిగింది ఒకటుంది. ఇంజన్ దింపక ముందే ఆర్టీవో కార్యాలయానికి వెళ్లి, ఏది కుదురుతుందో రాతపూర్వకంగా తెలుసుకోవాలి. అనుమతి వచ్చాక రశీదు దాచి, కొత్త నెంబరు ఆర్‌సీలో ఎక్కించి, బీమా కంపెనీకీ తెలపాలి. ప్రమాదం జరిగాక ఆర్‌సీలో లేని ఇంజన్ బయటపడితే, పరిహారం కోసం తిరగాల్సింది మెకానిక్ కాదు, బండి యజమాని కుటుంబం.