ఎర్ర రాతిలోని ఇంధనం

పాలంపేట రామప్ప గుడి గోడల్లోని ఇసుకరాయి ఎర్రగా ఉంటుంది. ఇలాంటి రాళ్లకు ఆ ఎరుపు సాధారణంగా ఇనుప ఆక్సైడు వల్ల, ముఖ్యంగా హెమటైట్ వల్ల వస్తుంది. 1213లో రేచర్ల రుద్రుడి శిల్పులు ఉలి పెట్టిన రాతికి రంగునిచ్చే ఈ పదార్థంతోనే, ఎండ సాయంతో నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీయాలని నేటి శాస్త్రవేత్తలు శ్రమిస్తున్నారు.

ఈ దారిని 1972లో టైటానియం డయాక్సైడ్‌తో చూపించినవారు జపాన్‌కు చెందిన ఫుజిషిమా, హోండా. అయితే అది అతినీలలోహిత కిరణాలనే పట్టుకుంటుంది. ఎండలో వాటి వాటా నూటికి ఐదు పాళ్లకు మించదు. హెమటైట్ కంటికి కనిపించే వెలుగునూ పీల్చుకుంటుంది. చౌక, పైగా క్షార ద్రావణంలో చెక్కుచెదరదు. పెద్ద చిక్కు ఇది: వెలుగు తాకి పుట్టిన విద్యుదావేశాలు కొన్ని నానోమీటర్లు సాగేలోపే మళ్లీ కలిసిపోతాయి.

అందుకే డోపింగ్, అంటే వేరే మూలకాన్ని కొద్దిగా కలపడం.

ఇనుప అయాను చోట టైటానియం అయాను చేరితే ఒక ఎలక్ట్రాన్ అదనంగా దొరికి వాహకత పెరుగుతుంది. మరి ఏ మూలకం, ఎంత పాళ్లలో? ప్రతిదీ కొలిమిలో కాల్చి చూడాలంటే ఏళ్లు పడుతుంది. వాల్టర్ కోన్‌కు 1998లో నోబెల్ తెచ్చిన సాంద్రతా ప్రమేయ సిద్ధాంతంతో కంప్యూటర్లు ముందే లెక్కకట్టి, తగనివాటిని ఏరేస్తున్నాయి. ఆఖరి పరీక్ష మాత్రం ప్రయోగశాలలోనే.

కడప యోగి వేమన విశ్వవిద్యాలయంలో సౌర ఇంధనాలపై పరిశోధన సాగుతోంది. ఈ లెక్కలు కట్టే క్వాంటమ్ ఎస్ప్రెస్సో వంటి సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. చిన్న లెక్కలకు మామూలు కంప్యూటర్ చాలు. మన డిగ్రీ, పీజీ విద్యార్థులు ఈ పనిలోకి రావాలన్న ఆశతోనే ఈ సంచికను వారి చేతుల్లో పెడుతున్నాం.