చంపిన తీగ తీయకుండా ప్రాణం పోస్తారా?

2025 ఏప్రిల్‌లో అమెరికా కంపెనీ కొలోసల్ బయోసైన్సెస్ మూడు తెల్లని తోడేలు కూనలను లోకానికి చూపించింది. పదివేల ఏళ్ల కిందట అంతరించిన డైర్ వుల్ఫ్‌ను మళ్లీ పుట్టించామని చాటుకుంది. పత్రికలు ముఖచిత్రాలు వేశాయి. నెల తిరిగిందో లేదో, మేలో కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా పెంచికల్‌పేట అడవిలో ఒక ఆడపులి కళేబరం గుంతలోంచి బయటపడింది. అటవీ శాఖ దస్త్రాల్లో దాని పేరు కే-8. కరెంటు తీగ పెట్టి చంపారు. చర్మం ఒలిచి, గోళ్లు తీసుకుని పూడ్చిపెట్టారు. మొదటి వార్తకు ప్రపంచం చప్పట్లు కొట్టింది. రెండోది నాలుగు రోజుల్లో మరుగున పడింది.

అంతరించిన జంతువులను శాస్త్రవేత్తలు బతికించవచ్చా అన్న చర్చకు ఉత్తర తెలంగాణ నుంచి చెప్పాల్సిన జవాబు ఈ రెండు వార్తల మధ్యే ఉంది. రాబందులను చంపిన మందు దుకాణంలో, పులిని చంపిన తీగ చేను గట్టున అలాగే ఉండగా ఏ జంతువును పుట్టించినా అది మళ్లీ చావడానికే. ఆ పుట్టుకను పునర్జీవమని అమ్ముకోవడం మోసం. దాన్ని చూసి పాలకులు మురిసిపోవడం అంతకు మించిన నేరం.

ముందుగా ఆ మూడు కూనల సంగతి. బూడిదరంగు తోడేలు కణాలు తీసుకుని, 14 జన్యువుల్లో 20 చోట్ల మార్పులు చేసి, పెంపుడు కుక్కల గర్భంలో పెంచారు. అసలు డైర్ వుల్ఫ్‌కూ బూడిదరంగు తోడేలుకూ జన్యుపటంలో తేడాలు లక్షల్లో ఉంటాయి. ఇవి డైర్ వుల్ఫ్‌లు కావని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘంలోని తోడేళ్ల, కుక్కల జాతుల నిపుణుల బృందం తేల్చింది. 20 మార్పులు చేసిన బూడిదరంగు తోడేళ్లేనని కంపెనీ ముఖ్య శాస్త్రవేత్తే తర్వాత ఒప్పుకున్నారు. ఈలోగా జరగాల్సిన నష్టం జరిగిపోయింది. ఈ ఘనతను చూపి, అంతరించే ముప్పున్న జీవుల జాబితాపై ఆధారపడే రోజులు పోవాలన్న ధోరణిలో అమెరికా అంతర్గత వ్యవహారాల మంత్రి డగ్ బర్గమ్ మాట్లాడారు. పోతే మళ్లీ చేసుకోవచ్చన్న ధీమా పాలకుల తలకెక్కితే, ఉన్న చట్టం మీదకే గొడ్డలి లేస్తుంది. 1,000 కోట్ల డాలర్లకు పైగా విలువ కట్టిన ఆ కంపెనీ లోకానికి అంటగట్టిన అసలు సరుకు ఈ ధీమాయే.

అంతరించడమంటే ఏమిటో ఈ నేలకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర 1970ల చివర్లో 800కు పైగా డైనోసార్ ఎముకలు దొరికాయి. 1988లో భూగర్భ శాస్త్రవేత్త పి. యాదగిరి ఆ డైనోసార్‌కు కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. ఆ అస్థిపంజరం నేడు హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది. కోట్ల ఏళ్ల నాటి ఆ ఎముకల్లో డీఎన్‌ఏ మిగలదు, అది తిరిగి రాదు. ఆ చావులో మనిషికి పాత్రా లేదు. కానీ మన కళ్లముందు కనుమరుగవుతున్నవాటి సంగతి అలా కాదు. వాటి విషయంలో దోషులున్నారు, ఆధారాలున్నాయి, కొన్నింటికి చట్టాలూ ఉన్నాయి. లేనిదల్లా శిక్ష.

రాబందులనే చూడండి. 1990లలో దేశంలో వాటి సంఖ్య 95 శాతానికి పైగా పడిపోయింది. కారణం పశువుల నొప్పులకు వేసే డైక్లోఫెనాక్ అని 2004లో రుజువైంది. సూది వేసిన పశువు చస్తే, ఆ మాంసం తిన్న రాబందు మూత్రపిండాలు పాడవుతాయి. రక్తంలో యూరిక్ ఆమ్లం పేరుకుపోయి, గుండె మీద, కాలేయం మీద సున్నంలా తెల్లగా పూత కడుతుంది. మెడ వాల్చి కొమ్మ మీద కూర్చున్న పక్షి రోజుల్లోనే నేలరాలుతుంది. 2006లో పశువైద్యంలో ఈ మందును నిషేధించారు. అయినా మనుషుల కోసమని తయారైన పెద్ద సీసాలు పశువులకు చేరుతూనే ఉండటంతో 2015లో వాటికీ అడ్డుకట్ట వేయాల్సి వచ్చింది. రాబందులకు ముప్పేనని తెలిసిన కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను ఆపడానికి 2023 దాకా ఆగారు. 2013లో బెజ్జూరు అడవిలో, పెద్దవాగు పక్క పాలరాపు గుట్ట మీద పొడుగుముక్కు రాబందుల గూళ్లు బయటపడినప్పుడు అందరూ సంబరపడ్డారు. ఆ గుట్ట చుట్టుపక్కల మందుల దుకాణాల్లో ఏమి అమ్ముతున్నారో క్రమం తప్పకుండా చూడటానికి జన్యుశాస్త్రం అక్కర్లేదు. ఒక డ్రగ్ ఇన్‌స్పెక్టర్ చాలు.

ఇక తీగ. పొలం పక్కనుంచి పోయే కరెంటు లైనుకు కొక్కెం తగిలిస్తారు. సన్నని ఇనుప తీగను కర్ర మేకులకు చుట్టి, మోకాలి ఎత్తున చేను గట్ల వెంట లాగుతారు. చీకటి పడ్డాక వదిలి, తెల్లారకముందే చుట్టేస్తారు. అడవిపంది కోసమని పెట్టినా, ఆ తీగకు దుప్పికీ పులికీ మనిషికీ తేడా తెలియదు. 2024 ఫిబ్రవరిలో ఉమ్మడి కరీంనగర్‌లోని కాటారం అడవిలో గాలింపునకు వెళ్లిన గ్రేహౌండ్స్ కమాండో ఇలాంటి తీగకే బలయ్యారు. పోలీసు ప్రాణం పోయిన తర్వాత కూడా తీగలు తీయించలేని యంత్రాంగం పులిని కాపాడుతుందని ఎలా నమ్మాలి? అదే ఏడాది జనవరిలో కాగజ్‌నగర్ అడవిలో పులి చంపిన పశువు కళేబరానికి విషం పెట్టారు. అక్కడ రెండు రోజుల తేడాతో రెండు పులుల కళేబరాలు దొరికాయి. విషం పెట్టినవాడు దోషే. కానీ ఆవు పోయిన కాపరికి పరిహారం అందుతుందన్న నమ్మకం కలిగించలేని ప్రభుత్వం చేతులు కడుక్కుంటే చెల్లదు.

జంతువును పుట్టించి ఏం చేస్తారన్నదానికి మన పొరుగునే సాక్ష్యముంది. ఒకప్పుడు గోదావరి, ప్రాణహిత తీరాల్లో తిరిగిన అడవి బర్రెలు ఇప్పుడు నది దాటి గడ్చిరోలి జిల్లా కొలమార్కలో, ఇంద్రావతి అడవుల్లో మాత్రమే మిగిలాయి. పక్కనున్న ఛత్తీస్‌గఢ్ ఉదంతిలోని ఆశా అనే అడవి బర్రె కణాలతో 2014 డిసెంబరులో కర్నాల్ పాడిపరిశోధన సంస్థలో క్లోనింగ్ దూడను పుట్టించారు. దీపాశ అని పేరు పెట్టి, 2018లో రాయ్‌పూర్ జంగిల్ సఫారీకి తెచ్చారు. అది అడవి మొహం చూడలేదు, మందలో కలవలేదు. పెరిగేకొద్దీ పెంపుడు ముర్రా బర్రె పోలికలే ఉన్నాయన్న అనుమానాలు మాత్రం ముసురుకున్నాయి. అడవి బర్రెకు కావలసింది గడ్డి మైదానం, నీటి మడుగు, ఊరి పశువుల రోగాలు అంటని దూరం. వీటిలో ఏదీ గాజు గొట్టంలో తయారు కాదు.

చీతా ముచ్చటా ఇంతే. 2000ల తొలినాళ్లలో హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ (సీసీఎంబీ) దాన్ని క్లోనింగ్ చేయాలనుకుంది. ఇరాన్ కణాలివ్వకపోవడంతో ఆ ప్రయత్నం ఆగింది. 2022లో నమీబియా నుంచి చీతాలను తెచ్చి మధ్యప్రదేశ్‌లోని కునోలో వదిలారు. అదే కునోకు గిర్ సింహాలను తరలించాలని సుప్రీంకోర్టు 2013లోనే ఆదేశించింది. ఆ సింహాలు నేటికీ గిర్ దాటలేదు. కన్నతల్లికి కూడు పెట్టనివాడు పినతల్లికి బంగారు గాజులు చేయిస్తానన్నాడట.

శాస్త్రం మీద మాకు పగ లేదు. 1988లో దాచిన కణాల నుంచి 2020లో అమెరికాలో నల్లకాళ్ల ఫెరెట్‌ను పుట్టించింది, బతికున్న జాతికే కొత్త రక్తాన్ని అందించాలని. సీసీఎంబీ నెహ్రూ జూతో కలిసి 2010 నుంచి పెంచిన మూషిక జింకలు నల్లమల అడవికి చేరాయి. ఇవి మెచ్చుకోవలసిన పనులు. ఉన్న జాతికి దన్నుగా, ఉన్న అడవి కోసం జరిగిన పనులు. 1900 తర్వాత కనబడక అంతరించిందనుకున్న కలివికోడి 1986లో కడప జిల్లా లంకమల దగ్గర దొరికింది ప్రయోగశాల వల్ల కాదు, పొదల గుట్టు తెలిసిన ఒక స్థానిక వేటగాడి వల్ల. ఆ పొదల్లోకే తెలుగుగంగ కాలువ తవ్వకం చొరబడిందన్నది మరచిపోరాదు.

ఆ గుట్టు తెలిసినవారిని పక్కనబెట్టడమే మన సర్కార్ల అలవాటు. 2025 మే 30న కుమురం భీం కన్జర్వేషన్ రిజర్వు పేరిట జీవో 49 వచ్చింది. ఆదివాసీలు భగ్గుమనగానే జూలైలో దాన్ని పక్కన పెట్టారు. ముందే గ్రామసభల్లో కూర్చుని, 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం పట్టాల లెక్క తేల్చి ఉంటే, తడోబా నుంచి ప్రాణహిత దాటి వచ్చే పులికి దారీ, గోండు, కొలాం గూడేలకు భరోసా ఒకేసారి దక్కేవి. 2012లో టైగర్ రిజర్వైన కవ్వాల్ కోర్‌లో పులి నిలకడగా ఉండటమే నేటికీ గగనం.

కాబట్టి ప్రభుత్వానికి చెప్పేది సూటిగా చెబుతున్నాం. అటవీ అంచు గ్రామాల్లో విద్యుత్ శాఖ, అటవీ శాఖ కలిసి రాత్రి గస్తీ తిరగాలి. తీగ దొరికితే లైను బాధ్యుడైన అధికారినీ ప్రశ్నించాలి. పులి చంపిన పశువుకు పరిహారం వారంలోగా యజమాని ఖాతాలో పడాలి. పంట నష్టానికీ అంతే. పశువుల మందుల దుకాణాల తనిఖీ ఫలితాలు ప్రతి మూడు నెలలకూ బయటపెట్టాలి. పులుల కారిడార్ నిర్ణయం గ్రామసభ తీర్మానం తర్వాతే రావాలి. ఈ నాలుగూ జరిగేదాకా అంతరించిన జంతువులను లేపుతామన్న ఏ పథకానికీ ప్రజల సొమ్ము ఒక్క రూపాయి కూడా ఇవ్వరాదు.