ఆయకట్టు గట్టు మీదే జీలుగు విత్తనం పండాలి

2025 వానాకాలంలో యూరియా బస్తా కోసం సింగిల్‌విండో సహకార సంఘాల ముందు బారులు తీరిన రైతులే, అంతకు ముందటి ఏడాది మే నెలలో జీలుగు విత్తనాల కోసం తెలంగాణలో పలుచోట్ల పట్టాదారు పాస్‌పుస్తకాలను వరుసలో పేర్చి మండుటెండలో నిరీక్షించారు. రెండో బారు సకాలంలో తీరి ఉంటే మొదటిది అంత పొడవు సాగేది కాదు.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల్లో చెరువు శిఖాల్లోనూ కాలువ పక్క గుంతల్లోనూ తనంతట తానే మొలిచే జీలుగు ఈ దేశపు బురద నేలల్లో పుట్టిన పొద. నీట మునిగినప్పుడు కాండం అడుగున మెత్తని బెండు పొర ఏర్పడి వేళ్లకు గాలి అందిస్తుంది గనుక ఇతర పైర్లు కుళ్లేచోట ఇది బతుకుతుంది. దీని వేళ్ల బుడిపెల్లోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి నిలుపుతాయి. పూత మొదలయ్యే 45-50 రోజుల దశలో నేలలో కలియదున్నితే, అంటే పచ్చిరొట్టగా వాడితే, ఎకరాకు 25 కిలోలకు అటూఇటుగా నత్రజని సమకూరుతుంది. 45 కిలోల యూరియా బస్తాలో ఉండేది 21 కిలోల లోపే.

సాగు కష్టమైనది కాదు. యాసంగి కోత ఏప్రిల్, మే నెలల్లో ముగుస్తుంది, వానాకాలం నాట్లు జులై చివర గాని ఊపందుకోవు. ఈ మధ్యలో తొలకరికి ఎకరాకు 12-15 కిలోల గింజలు, పైపొర గట్టిది గనుక రాత్రంతా నానబెట్టి చల్లి, పూతకు రాగానే సూపర్ ఫాస్ఫేటు వేసి కలియదున్ని, వారం పాటు నీరు నిలిపి మురగనిస్తే మడి నాటుకు సిద్ధమవుతుంది. కాలువ ఊట వల్ల ఉప్పు పైకి తేలి చౌడుబారిన మళ్లలోనూ ఇది మొలుస్తుంది.

1955 డిసెంబరు 10న ఈ ప్రాంతానికి నీరిచ్చే నాగార్జునసాగర్‌కు పునాదిరాయి పడింది, 1967 ఆగస్టులో ఎడమ కాలువకు నీరు వచ్చింది, ఆ నీటి వెంటే యూరియా వచ్చింది. అంతకు ముందు కానుగ రొట్ట, జీలుగు, పెంటదిబ్బ ఎరువు తిన్న నేలకు ఆ తర్వాత రెండు కార్లూ బస్తాయే తిండి అయింది. మిర్యాలగూడ రైసుమిల్లుల పేరు దేశమంతటా మోగింది. ఆ మిల్లులకు ధాన్యం పంపిన మట్టిలో సేంద్రియ పదార్థం ఎంత మిగిలిందని అడిగిన వారు లేరు.

అసలు నేరం విత్తనం దగ్గర ఉంది. బురద గుంతలో అడగకుండానే మొలిచే మొక్క గింజలను ఇతర రాష్ట్రాల నుంచి లారీల్లో తెప్పించి, తొలకరి దాటాక పంచి, రాయితీ ఇచ్చామని చాటుకోవడం రైతును వెక్కిరించడమే. జులైలో చేరిన జీలుగు విత్తనం గోదాములో లెక్కకు తప్ప మడికి పనికిరాదు, ఎందుకంటే 45 రోజులు గడిచేసరికి నారు ముదిరిపోతుంది. ఆ రైతు తిరిగి యూరియా వరుసలోనే నిలబడతాడు. ఇది పొరపాటు కాదు, ఏటేటా తెలిసి చేస్తున్న నిర్లక్ష్యం. కంపాసాగర్‌లో వ్యవసాయ పరిశోధనా స్థానం, గడ్డిపల్లిలో కృషి విజ్ఞాన కేంద్రం ఉన్న ప్రాంతానికి ఈ గింజ కోసం పరాయి రాష్ట్రం వైపు చూసే గతి పట్టడం సిగ్గుచేటు.

జీలుగు వేస్తే పశువులు మేస్తాయనీ, రొటవేటరు కిరాయి పెరుగుతుందనీ చెప్పేవారు ఏటా వరికొయ్యలను తగలబెట్టేటప్పుడు ఏ లెక్కా వేయరు గనుక వారికి జవాబు అక్కరలేదు.

కావలసినది ఇంతే: జులైలో పొలం గట్ల మీద, నీరు నిలిచి వరి పండని పల్లపు మూలల్లో పలుచగా విత్తి, కలియదున్నకుండా కాయకు వదిలి, కాయలు గోధుమరంగుకు తిరిగి పగలక ముందే కోసి ఎండబెట్టిన విత్తనాన్ని ప్రతి సింగిల్‌విండో ముందుగా ప్రకటించిన ధరకు ఫిబ్రవరిలోగా కొనాలి. మొలక శాతం పరీక్షను కంపాసాగర్, గడ్డిపల్లి సంస్థలు మార్చిలో పూర్తిచేయాలి. యాసంగి కోత యంత్రం పొలంలోకి దిగే నాటికే ఆ గ్రామపు విత్తనం ఆ గ్రామపు గోదాములో ఉండాలి. ఏప్రిల్ 30 దాటినా పంపిణీ మొదలుకాని మండలంలో, జాప్యానికి బాధ్యుడైన అధికారి పేరును సింగిల్‌విండో గోడ మీద రాయించాలి.