పోచయ్యను పోచయ్యగానే రాద్దాం

అరబ్బీ లిపిలో ‘ప’ లేదు. మెట్‌పల్లి నుంచి దుబాయికో మస్కట్‌కో పోయిన పోచయ్య అక్కడి కాగితాల్లో ‘బ’తో మొదలవుతాడు. ఆయన తమ్ముడు మగ్గం పనికి భీవండి పోయి ఉంటే పిల్లల బడి కాగితాలు మరాఠీలో ఉంటాయి. దేవనాగరిలో ‘ఎ’కూ ‘ఏ’కూ ఒకటే గుర్తు కనుక వాళ్ల ఇంటిపేరు ఆడెపో ఆడేపో చదివేవాళ్ల ఇష్టం. వీళ్లిద్దరి తాత పేరు నిజాం కాలపు రెవెన్యూ కాగితాల్లో ఉర్దూలో పడి ఉంటుంది. ఉర్దూలో ళ, ణ లేవు. హ్రస్వాచ్చులకు గుర్తు పెట్టే అలవాటూ తక్కువే. ఇట్లా ఒక్క ఇంటివాళ్ల పేర్లు మూడు లిపుల్లో మూడు తీర్లుగా చెదిరిపోయాయి.

ఇప్పుడు ఆ ఇంటి మనుమరాలు ఏ డాలస్‌లోనో కూర్చుని వంశవృక్షం సాఫ్ట్‌వేర్ తెరుస్తోంది. ‘తాతా, మన ముత్తాత పేరేంది?’ అని వాట్సాప్‌లో అడుగుతోంది. మనమేమో ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి పంపుతున్నాం. నా అభ్యంతరమంతా ఇక్కడే. ఆ పిల్ల వేసే పట్టిక రేపు ఆ ఇంటికి మిగిలే ఒకే ఒక్క రికార్డు కావచ్చు. అందులో పేరు పెట్టెలో మొదట పడాల్సింది తెలుగు అక్షరం.

తాళ్లపల్లి అనే ఇంటిపేరు తీసుకోండి. ఇంగ్లిష్‌లో రాస్తే దీర్ఘం పోతుంది, ళ కాస్తా ల అవుతుంది. ‘త’ కోసం మనం టి పక్కన హెచ్ పెడతాం. ఉత్తరాదివాళ్లు దాన్ని ‘థ’ అని చదువుతారు. రెండు తరాలు గడిస్తే ఆ ఇంటి పిల్లలే తమ పేరును తల్లపల్లి అని పలుకుతారు, సరిదిద్దే పెద్దమనిషి అప్పటికి ఉండడు. జగిత్యాల కవి అలిశెట్టి ప్రభాకర్ పోయింది 1993లోనే. అంత పేరున్న మనిషి ఇంటిపేరే ఇంగ్లిష్‌లో ఒక్కొక్కరు ఒక్కో తీరు రాస్తారు. ఇక ఏ పుస్తకానికీ ఎక్కని మన తాతల సంగతి చెప్పేదేముంది?

పాస్‌పోర్టులో ఉన్నట్టే రాస్తే గొడవ ఉండదు కదా అనేవాళ్లున్నారు. పాస్‌పోర్టు అడుగున యంత్రం చదివే రెండు వరుసలుంటాయి. వాటిలో 26 ఇంగ్లిష్ పెద్దక్షరాలు, అంకెలు, ఖాళీని నింపే ఒక గుర్తు తప్ప మరేదీ పట్టదు. ఫ్రెంచివాళ్ల పేర్ల మీది గీతలు, వియత్నాంవాళ్ల చుక్కలు కూడా అక్కడ ఊడిపోవాల్సిందే. విమానాశ్రయంలో మనిషిని దాటించడానికి పెట్టుకున్న ఏర్పాటది. ముత్తాతను గుర్తుపెట్టుకోవడానికి దాన్ని కొలతగా ఎందుకు తీసుకోవాలి?

సాఫ్ట్‌వేర్‌కు తెలుగు రాదన్న మాట ఒకప్పుడు నిజమే. ఈ ప్రోగ్రాములు ఒకదానికొకటి సమాచారం ఇచ్చుకునే ఫైలు పద్ధతిని జెడ్‌కామ్ అంటారు. అమెరికాలో మార్మన్ చర్చివాళ్లు 1984లో దాన్ని తయారుచేశారు. దాని పాత రూపాల్లో వాడిన అక్షరపట్టికలో యూరప్ పేర్ల గీతలకూ చుక్కలకూ చోటు దొరికింది, తెలుగుకు దొరకలేదు. పాత ప్రోగ్రాముల్లో మన పేర్లు వరుసగా ప్రశ్నార్థకాలై కనిపించేవి. కానీ యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచే ఉంది. 2021లో వచ్చిన జెడ్‌కామ్ 7.0 యూనికోడ్‌నే తప్పనిసరి చేసింది, ఒకే పేరును రెండో లిపిలో కూడా రాసుకునే వీలు పెట్టింది. గ్రాంప్స్ లాంటి ఉచిత ప్రోగ్రాములో తెలుగు పేరు ఇబ్బంది లేకుండా కూర్చుంటుంది. ఫోన్‌లో తెలుగు కీబోర్డు ఉండనే ఉంది. ఇంకా అడ్డం వస్తున్నది మన అలవాటే.

చిక్కులు లేవని అనను. మన మెట్‌పల్లి పేరే చూడండి. ‘ట్’ పొల్లుగా నిలబడి ‘ప’ విడిగా రావాలంటే ఆ రెంటి మధ్య కంటికి కనబడని ఒక గుర్తు పడాలి. అది పడకపోతే ‘ప’ పోయి ‘ట’ కింద ఒత్తుగా చేరుతుంది. ఒకరు గుర్తుతో, ఒకరు గుర్తు లేకుండా, ఇంకొకరు మధ్యలో ఖాళీ వదిలి రాస్తే కొన్ని ప్రోగ్రాములు మూడు ఊళ్లని లెక్కగడతాయి. ఐత్వం కూడా కంప్యూటర్‌లో రెండు రకాలుగా నిల్వ ఉండగలదు. చూడ్డానికి తేడా ఉండదు, వెతికితే దొరక్కపోవచ్చు. అందుకే ఇంట్లో అందరూ ఒకే రాతకు కట్టుబడాలి. ఊరి పేరు ఒక్కసారి సరిగ్గా కొట్టి, తర్వాత దాన్నే అతికించుకుంటే చాలు.

తెలుగు చదవడం రాని పిల్లల కోసం రెండో పెట్టెలో ఇంగ్లిష్ అక్షరాలు పెట్టండి, కానీ గీతలతో, చుక్కలతో పెట్టండి. దీర్ఘానికి పైన గీత, ట డ ణ ళలకు కింద చుక్క. 2001లో వచ్చిన ఐఎస్‌ఓ 15919 అనే ప్రమాణం ఇదే చెబుతుంది. సంస్కృతానికి వాడే పాత పద్ధతిలో ఎ, ఏల తేడా కనిపించదు కనుక మనకు ఇదే మేలు. చుక్క అక్షరాలు మామూలు ఇంగ్లిష్ కీబోర్డులో చాలావరకు దొరకవు. విండోస్‌లోని క్యారెక్టర్ మ్యాప్ నుంచి తెచ్చుకోవచ్చు. ఇక పాస్‌పోర్టు రాత మూడో పేరుగా ఉండనివ్వండి, విరాసత్ కాగితాలకూ వీసాలకూ దాని అవసరం దానిదే.

మన దిక్కు వంశాలు చెప్పడానికి మనుషులే ఉండేవాళ్లు. పద్మశాలీలకు కూనపులివాళ్లు పటం విప్పి మార్కండేయ పురాణం చెప్పేవాళ్లు. కాపులకు పిచ్చకుంట్లవాళ్లు గోత్రాలు చెప్పేవాళ్లు. వాళ్ల దగ్గర పేరంటే పలుకు. ఆ పలుకును కూడా పట్టికలో పెట్టే వీలు ఇప్పుడుంది. అవ్వ చేత నలుగురి పేర్లు చెప్పించి, ఫోన్‌లో రికార్డు చేసి, ఒక్కో మనిషికీ ఆ ధ్వనిని జతచేయండి.

అవ్వ పేరును మాత్రం దిద్దకండి. రేషన్ కార్డులో లక్ష్మి అని ఉన్నా ఊరంతా లస్మవ్వ అని పిలిస్తే ఆమె లస్మవ్వే. లక్ష్మిని మారుపేరు పెట్టెలో రాయండి. నడ్పి గంగారాంలో ‘నడ్పి’ని పొడుగని కొట్టేయకండి, అన్నదమ్ముల్లో ఆయన వరుస చెప్పేది అదే. ఆడవాళ్ల పేర్ల పక్కన పుట్టింటి ఇంటిపేరు ఖాళీగా వదిలేస్తున్నారు చాలామంది. అది చెప్పగలిగినవాళ్లు ఇంకా మన ఇళ్లలో ఉన్నారు. ఈ ఆదివారం వాళ్ల పక్కన కూర్చుని అడగండి, ళ ఎక్కడో, ణ ఎక్కడో, దీర్ఘం ఎక్కడో.