నేర్చుకోమనేవాళ్లు జీతం సంగతి చెప్పరేం?

ఎక్కడ ఉద్యోగాలు పోయినా ఒకటే మాట వినిపిస్తోంది. పని ఉందట, పని తెలిసినవాళ్లే లేరట. నిత్యం నేర్చుకునేవాడికి ఏఐ వచ్చినా, మాంద్యం వచ్చినా దిగులు లేదట. టెక్ సదస్సుల్లో, బిజినెస్ పేజీల్లో, లింక్డ్‌ఇన్ పోస్టుల్లో ఈ వాదన ఎంత సాఫీగా సాగుతుందంటే, అడ్డు చెప్పాలన్న ఆలోచనే ఎవరికీ రాదు. నేర్చుకోవద్దని ఎవరంటారు గనక! ఆ మొహమాటం చాటునే అందులోని తప్పు కూడా చెల్లుబాటైపోతోంది. నేర్చుకోవడానికి మనిషికి ఇష్టం ఒక్కటుంటే చాలన్నట్టు మాట్లాడటమే ఆ తప్పు. ఇష్టానికి మనవాళ్లకు ఎన్నడూ కొదవ లేదు. కొదవంతా తీరికకు, ఆ తీరిక కాలంలో ఇల్లు గడిపే జీతానికి. వాటిని ఎవరివ్వాలి అని అడిగితే మాత్రం ఈ పెద్దలు గొంతు సవరించుకుని ఇంకో స్లైడ్‌లోకి వెళ్లిపోతారు.

2025 జూలైలో టీసీఎస్ తన సిబ్బందిలో 2 శాతాన్ని, అంటే సుమారు 12 వేల మందిని తగ్గిస్తామని ప్రకటించింది. వేటు ఎక్కువగా మధ్య, సీనియర్ స్థాయుల మీద పడుతుందని కూడా చెప్పింది. దీనికి ఏఐ కారణం కాదని, నైపుణ్యాలు పొసగకపోవడం, కొందరికి తగిన ప్రాజెక్టు చూపలేకపోవడం కారణమని సీఈఓ కృతివాసన్ వివరించారు. అప్పటికే ఐదున్నర లక్షల మందికి ఏఐలో ప్రాథమిక శిక్షణ ఇచ్చామని కూడా ఆ సంస్థే చెప్పుకుంది. రెండు మాటలూ నిజమే అనుకుందాం. ఆరు లక్షల పైచిలుకు సిబ్బందిలో ఐదున్నర లక్షల మందికి శిక్షణ అందాక కూడా 12 వేల మందికి చోటు లేకపోయిందంటే, శిక్షణ ఉద్యోగానికి పూచీ కాదన్నట్టే. ఆ సంగతి తేల్చింది మనం కాదు, దేశంలోని అతిపెద్ద ఐటీ సంస్థే.

అంతకు నెల ముందు అదే సంస్థ తెచ్చిన మరో నిబంధన ఈ వార్త వెనక మరుగున పడిపోయింది. ఒక్కొక్కరు ఏడాదికి కనీసం 225 బిల్లబుల్ రోజులు, అంటే క్లయింట్ డబ్బు కట్టే రోజులు, చూపించాలి, ప్రాజెక్టు లేకుండా బెంచ్ మీద 35 రోజులకు మించి ఉండకూడదు. బెంచ్ అనగానే పని లేకుండా జీతం తీసుకునే విలాసమని బయటివాళ్ల ఊహ. నన్నడిగితే మన ఐటీ రంగంలో నిజంగా పనిచేసిన పునఃశిక్షణ పథకం ఏదైనా ఉందంటే అది బెంచే. మెయిన్‌ఫ్రేమ్ నుంచి జావాకు, మాన్యువల్ టెస్టింగ్ నుంచి ఆటోమేషన్‌కు, సొంత సర్వర్ల నుంచి క్లౌడ్‌కు ఎంతమంది మారారో! ఆ మార్పులకు రెండు ప్రాజెక్టుల మధ్య దొరికిన వ్యవధే ఊతమైంది. జీతం ఆగలేదు, అడిగితే చెప్పే సీనియర్ పక్క సీట్లోనే ఉన్నాడు. ఇప్పుడు ఆ వ్యవధిని కత్తిరించేసి, నేర్చుకోవడం నీ బాధ్యత అంటున్నారు. క్లయింట్ డబ్బు కట్టే గంటల్లో పని చేయాలి, నేర్చుకోవాలంటే రాత్రి పదింటి తర్వాత, ఆదివారాలు నేర్చుకోవాలి. జీవితాంతం నేర్చుకోవడమంటే జీవితాంతం ఓవర్‌టైమ్ అని ఎవరూ విడమరచి చెప్పలేదు.

మనవాళ్లు నేర్చుకోరన్న నింద తెలుగు నేల మీద నిలబడనే నిలబడదు. అనుమానముంటే హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ కోచింగ్ సెంటర్ల అడ్డా అయిన అమీర్‌పేట వెళ్లి చూడొచ్చు. మైత్రీవనం చుట్టుపక్కల గోడలకు, కరెంటు స్తంభాలకు వేలాడే బ్యానర్లు చాలు, గత పాతికేళ్లలో ఏ టెక్నాలజీ ఎప్పుడొచ్చి ఎప్పుడు వెళ్లిందో తెలియడానికి. జావా, డాట్‌నెట్, శాప్, హడూప్, డెవాప్స్, డేటా సైన్స్, ఇప్పుడు జెన్ ఏఐ. ప్రభుత్వం పైసా ఇవ్వలేదు, ఏ కంపెనీ ఫీజు కట్టలేదు. పొలం కౌలు డబ్బుతోనో, అక్క గాజులు తాకట్టు పెట్టో జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు హాస్టల్ గదిలో నలుగురు సర్దుకుని, డెమో క్లాసు విని, నచ్చిన ఫ్యాకల్టీ దగ్గర చేరి నేర్చుకున్నారు. అక్కడ ఫేక్ ఎక్స్‌పీరియన్స్ లెటర్ల దందా కూడా నడిచింది, కాదనను. ఆ దందా ఎందుకు పుట్టిందో కూడా చెప్పాలి కదా. ఫ్రెషర్‌కు తామే పని నేర్పించుకోవడం మానేసి, మూడేళ్ల అనుభవముంటేనే రమ్మన్న కంపెనీలే దానికి గిరాకీ పుట్టించాయి.

అమీర్‌పేట బలహీనత ఇంకోటుంది. అది ఇరవై రెండేళ్లవాళ్ల లోకం. నలభై మూడేళ్ల ప్రాజెక్ట్ మేనేజర్, నెలకు ఇంటి ఈఎంఐ, ఇద్దరు పిల్లల స్కూలు ఫీజు, ఊళ్లో తల్లి మందుల ఖర్చు ఉన్నవాడు ఉద్యోగం పోయిన మర్నాడు ఆరు నెలలు కూర్చుని మెషీన్ లెర్నింగ్ చదవాలంటే ఆ ఆరు నెలలు ఇంటిని ఎవరు నడపాలి? పిల్లల కోసం మధ్యలో పదేళ్లు ఆగి మళ్లీ రావాలనుకునే ఆడవాళ్లను ‘ఎందుకు అప్‌డేట్ కాలేదు’ అని అడిగే హెచ్ఆర్‌కు ఏం చెప్పాలి? ఆన్‌లైన్ కోర్సు ఉచితమే కావచ్చు. దానికి పట్టే గంటలు ఉచితం కావు.

నేర్చుకునే కాలంలో ఇల్లు ఎవరు నడపాలన్న ప్రశ్నకు మన చట్టం చెప్పే సమాధానం చూద్దాం. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో సెక్షన్ 83 కింద కార్మికుల రీస్కిల్లింగ్ నిధి ఉంది. రిట్రెంచ్ అయిన, అంటే యజమాని తొలగించిన కార్మికుడి తరఫున యజమాని చివరి జీతంలో 15 రోజుల మొత్తం జమచేయాలి. అది 45 రోజుల్లోపు కార్మికుడి ఖాతాలో పడుతుంది. అంతే. నెలకు 30 వేలు వచ్చే మనిషికి కొత్త బతుకు నేర్చుకోవడానికి 15 వేలు! అదీ అందరికీ కాదు. మేనేజర్లు, నెలకు 18 వేలు దాటిన సూపర్‌వైజర్లు ‘కార్మికుడు’ అన్న నిర్వచనంలోకే రారు. నిర్ణీత కాలపు కాంట్రాక్టు ముగిస్తే అది రిట్రెంచ్‌మెంట్ కాదు. స్వచ్ఛంద పదవీ విరమణా కాదు. ఐటీలో తొలగింపు ఎన్నోసార్లు రాజీనామా లేఖ రూపంలోనే జరుగుతుందని తెలిసినవాళ్లకు ఈ నిధి ఎందరికి అందుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ఈ ఆట మనకు కొత్తా అంటే అదీ కాదు. సరళీకరణ మొదలైన మరుసటి ఏడే, 1992 ఫిబ్రవరిలో, కేంద్రం జాతీయ పునరుద్ధరణ నిధి పెట్టింది. మూతపడే, ఆధునికీకరించే పరిశ్రమల కార్మికులకు మళ్లీ శిక్షణ ఇచ్చి వేరే పనుల్లో కుదర్చడం దాని లక్ష్యాల్లో ఒకటి. ఆచరణలో ఆ డబ్బులో అత్యధిక భాగం ప్రభుత్వరంగ సంస్థల్లో వీఆర్‌ఎస్ చెల్లింపులకే పోయింది, 2000లో నిధినే ఎత్తేశారు. అంటే సాగనంపడానికి డబ్బు దొరికింది, నేర్పడానికి దొరకలేదు.

ఆ తర్వాత వచ్చినవన్నీ అంకెల పండగలు. 2022 నాటికి 50 కోట్ల మందికి నైపుణ్యాలని 2009 విధానం లక్ష్యం పెట్టింది. 2015లో ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన వచ్చింది. దాని మొదటి మూడు దశల మీద కాగ్ నివేదిక చూస్తే, ఆడిట్‌లో పరిశీలించిన అభ్యర్థుల్లో నూటికి 94 మందికి పైగా బ్యాంకు ఖాతా వివరాల గడి ఖాళీగానో సున్నాలతోనో ఉంది. కొన్నిచోట్ల ఖాతా సంఖ్య స్థానంలో వరసగా ఒకట్లు కొట్టేశారు. ఈ లెక్కలు చూశాక కూడా తప్పు నేర్చుకోని యువతదేనంటే వినడానికి ఓపిక ఉండాలి.

పదేళ్లుగా ప్రతి ఉపన్యాసంలోనూ తిరుగుతున్న ఇంకో అంకె ఉంది. మన దేశంలో నియత శిక్షణ పొందినవాళ్లు 4.69 శాతమే, దక్షిణ కొరియాలో 96 శాతం అని. 2015 జాతీయ విధానపత్రంలోది అది. ఈ లెక్కలో సర్టిఫికెట్టే నైపుణ్యం. పోచంపల్లిలో ఇక్కత్ నూలుకు కొలత తప్పకుండా ముడులు వేసే నేతగాడు ఇందులో నైపుణ్యం లేనివాడే.

ఇక సింగపూర్. ఈ వాదనలో అది తప్పకుండా వస్తుంది, అక్కడి ప్రజలు తమంతట తామే నేర్చుకుంటారన్న అర్థంలో వస్తుంది. అసలు జరిగేది వేరు. యజమానులు నెల జీతాల్లో 0.25 శాతం నైపుణ్య లెవీ కడతారు. 2016లో 25 ఏళ్లు దాటిన ప్రతి పౌరుడి ఖాతాలో ప్రభుత్వం 500 సింగపూర్ డాలర్ల క్రెడిట్ వేసింది, 2024లో నలభై దాటినవాళ్లకు మరో 4 వేలు కలిపింది. 2025 నుంచి నలభై దాటినవాళ్లు పూర్తికాలం చదువుకుంటే పాత ఆదాయంలో సగం, నెలకు 3 వేల డాలర్ల వరకు, మొత్తం 24 నెలల దాకా భృతిగా ఇస్తోంది. మన ప్రాజెక్ట్ మేనేజర్ ఇల్లు ఎవరు నడపాలన్న ప్రశ్నకు అక్కడ దొరికిన జవాబిది. అక్కడా మోసం జరిగింది. 2017లో ఓ ముఠా నకిలీ శిక్షణ బిల్లులతో దాదాపు 4 కోట్ల డాలర్లు కాజేసింది. అయినా ప్రభుత్వం పథకాన్ని మూసేయలేదు. పైగా తర్వాత పెంచుకుంటూ పోయింది.

ఎదుటివాళ్ల వాదనలో ఒప్పుకోవలసింది కూడా ఉంది. టెక్నాలజీ మారుతోంది, ఇరవై ఏళ్ల కిందటి డిగ్రీతో ఇంకో ఇరవై ఏళ్లు నెట్టుకురావడం కష్టమే. ఆ మార్పు వేగాన్ని మాత్రం కాస్త నిదానంగా చదవాలి. 2030 నాటికి ఉద్యోగుల ప్రధాన నైపుణ్యాల్లో 39 శాతం మారతాయన్న ప్రపంచ ఆర్థిక వేదిక అంకె యజమానులను అడిగి రాసుకున్న అంచనా. 2023లో అదే వేదిక చెప్పిన అంకె 44 శాతం. అంకె తగ్గినా హడావిడి పెరిగింది. పైగా శిక్షణ ఎంత మంచిదైనా లేని ఉద్యోగాన్ని పుట్టించలేదు. అమెరికాలో జేన్స్‌విల్ అనే ఊళ్లో 2008 డిసెంబరులో జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీ మూతపడ్డాక కార్మికులు కాలేజీలో చేరి కొత్త పనులు నేర్చుకున్నారు. అలా చేరినవాళ్లు చేరనివాళ్ల కంటే తక్కువ సంపాదిస్తున్నట్టు ఆ ఊరి మీద పుస్తకం రాసిన జర్నలిస్టు ఎమీ గోల్డ్‌స్టీన్ పరిశీలనలో తేలింది. ఊళ్లో పనులే లేనప్పుడు ఏం నేర్చుకుని ఏం లాభం?

తెలంగాణలో స్కిల్స్ యూనివర్సిటీ వచ్చింది, ఐటీఐలు అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లవుతున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో స్కిల్ సెన్సస్ అంటున్నారు. మంచిదే. ఇవన్నీ ప్రధానంగా ఉద్యోగం రానివాళ్ల కోసం. ఉద్యోగం పోయినవాళ్ల కోసం ఏముందన్నదే నా ప్రశ్న. రీస్కిల్లింగ్ నిధిని నోటిఫై చేయవలసిన బాధ్యత ప్రైవేటు కంపెనీల విషయంలో చాలావరకు రాష్ట్రాలదే. యజమాని ఇచ్చే 15 రోజుల జీతంతో పాటు నిబంధనల ద్వారా ఇతర వనరుల నుంచీ ఆ నిధికి డబ్బు సమకూర్చుకోవచ్చని సెక్షన్ 83లోనే రాసి ఉంది. హైదరాబాద్‌లో, విశాఖలో రాయితీ భూములు తీసుకుని క్యాంపస్‌లు కట్టే కంపెనీల జీతాల బిల్లు మీద పావు శాతం లెవీ వేయడానికి, శిక్షణ కాలంలో సగం జీతం ఇవ్వడానికి ఈ రెండు ప్రభుత్వాలు ఎందుకు పూనుకోకూడదు? నిత్యం నేర్చుకోమని చెప్పే పెద్దలు ముందుగా ఆ పావు శాతానికి ఒప్పుకుంటామని చెప్పాలి.