మన కథల్లో కలెక్టర్లు

మన వార్షిక సంచికల్లో వచ్చే కథలు చదివినప్పుడల్లా నాకొక సందేహం. పేదింటి పిల్లవాడు, కిరసనాయిలు బుడ్డి, తల్లి కన్నీళ్లు, చివరి పేరాలో కలెక్టరు ఉద్యోగం. పేర్లు మార్చితే అందరి కథా ఒకటే! ఆ పిల్లవాడికి ఏమిష్టం, ఎవరిమీద కోపం, మెస్‌లో పప్పు నీళ్లలా ఉంటే వార్డెన్‌తో ఏమంటాడు? ఏమీ తెలియదు. రచయిత తోస్తే కదులుతాడు, కలెక్టరు కమ్మంటే అవుతాడు.

కాళీపట్నం రామారావు గారి 'యజ్ఞం' చదవని మిత్రులు తప్పక చదవాలి. ఆ కథ ఉన్న 'యజ్ఞంతో తొమ్మిది' సంపుటికి 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. అప్పల్రాముడి పాత బాకీ మీద ఊళ్లో పంచాయితీ. కథలో ఎక్కువ భాగం అదే. తీర్పు చెప్పే శ్రీరాములునాయుడు దుర్మార్గుడు కాడు, న్యాయం తప్పడని పేరున్నవాడు. అసలు భయమంతా అక్కడే ఉంది. విలన్ ఉంటే వాణ్ణి తిట్టుకుని పుస్తకం మూసేసేవాళ్లం. చివరికి అప్పల్రాముడు పెద్దమనిషి మాటకు తలవంచుతాడు. భూమి పోతుంది. అప్పుడు అతని కొడుకు సీతారాముడు తన కన్నబిడ్డనే చంపి తెచ్చి పంచాయితీ ముందు పడేస్తాడు.

ఈ ముగింపు అసహజమని కొందరు విమర్శించారు. దానిమీద ఏళ్ల తరబడి చర్చ జరిగింది. ఆ పనిని నేనూ సమర్థించను. కానీ అసహజమంటే ఒప్పుకోలేను. ఇల్లు ఒకటే, అప్పు ఒకటే. తండ్రికి అది తీర్చవలసిన బాకీ. కొడుక్కి అది తన బిడ్డ మెడకు పడబోయే పలుపుతాడు. ఇద్దరూ ఒకేలాంటి మనుషులైతే తండ్రి ఒప్పుకున్నచోటే కథ అయిపోయేది. కథను మలుపు తిప్పింది సంఘటన కాదు, సీతారాముడు.

మా ఇంట్లో అప్పుకాగితం చదవగలిగిన మొదటివాణ్ణి నేనే. వడ్డీ లెక్క ఐదు నిమిషాల్లో అర్థమైంది. నాన్న ఆ కాగితాన్ని బియ్యం డబ్బాలో ఎందుకు దాచేవాడో మాత్రం ఇప్పటికీ ఆలోచిస్తున్నాను. కథ రాస్తే దాని గురించే రాయాలి.

వచ్చే ఏడు రాయబోయే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మీ పిల్లవాణ్ణి కలెక్టరునే చేయండి, నాకభ్యంతరం లేదు. ఇంటర్వ్యూకి వెళ్లే ముందు అతను ఎవరి చొక్కా అడిగి తొడుక్కున్నాడో, ఆ మాట అడగడానికి ఎంతసేపు తటపటాయించాడో కూడా రాయండి.